తగాలొగ్‌లో తొలి పరిచయం

కొత్త భాష నేర్చుకునేవారికి పేరు, ఊరు, వృత్తి చెప్పుకోవడమే మొదటి పాఠంగా పెట్టడం పాఠ్యపుస్తకాలన్నిటా కనిపించే ఆనవాయితీ. దీనికి మర్యాద ఒక్కటే కారణమని అనిపించినా, ఫిలిప్పీన్స్ దేశంలో మాట్లాడే తగాలొగ్ భాష విషయంలో వ్యాకరణపరమైన కారణం కూడా గట్టిగానే ఉంది. తగాలొగ్‌లో నిజంగా శ్రమపెట్టేది క్రియ. ధాతువుకు ముందూ మధ్యా చివరా ప్రత్యయాలు చేరి, పని చేసినవారు ముఖ్యమా, పనికి గురైన వస్తువు ముఖ్యమా, పని జరిగిన చోటు ముఖ్యమా, దానికి కారణం ముఖ్యమా అన్నదాన్ని బట్టి క్రియారూపమే మారిపోతుంది. అయితే తనను తాను పరిచయం చేసుకునేవారికి ఈ చిక్కుతో దాదాపుగా పని పడదు, ఎందుకంటే ఆ సందర్భంలో వాడే వాక్యాలలో ఎక్కువభాగం క్రియ లేని వాక్యాలే.

తెలుగు వాక్యమూ ఇక్కడ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. 'నేను లక్ష్మిని', 'మాది విజయవాడ', 'మా నాన్న రైతు' అనే మాటల్లో క్రియ లేదు, అయినా వాక్యానికి లోటు లేదు. ఇంగ్లీషులో మాత్రం ఇటువంటి ప్రతి వాక్యంలోనూ 'ఉండు' అనే అర్థం గల క్రియ తప్పనిసరి. తగాలొగ్ పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమంలోనే దొరుకుతాయి గనుక తెలుగువారు ముందు ఇంగ్లీషులో వాక్యం కూర్చుకొని, దాన్ని తగాలొగ్‌లోకి మార్చుకొనే అలవాటులో పడతారు. ఆ దారిలో, ఇంగ్లీషులో లేకపోయినా తెలుగులో ఉన్న గౌరవవాచకం, 'మేము', 'మనం' అనే తేడా, క్రియ అక్కరలేని వాక్యం వంటివి కళ్ళముందే చేజారిపోతాయి. తగాలొగ్‌ను నేరుగా తెలుగుతో సరిపోల్చుకుంటూ నేర్చుకోవడమే సుళువని తొలి పరిచయంలోని ఏడెనిమిది వాక్యాలు పరిశీలిస్తే బోధపడుతుంది.

భాష నేపథ్యం

ఫిలిప్పీన్స్ 7,641 దీవుల సముదాయం. అక్కడ 170కి పైగా భాషలు ఉన్నాయి. వాటిలో తగాలొగ్ లుజోన్ దీవి మధ్య, దక్షిణ భాగాలకూ రాజధాని మనీలాకూ సొంత భాష. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో దాదాపు 40 శాతం కుటుంబాలు ఇళ్ళలో తగాలొగ్ మాట్లాడతాయి. మలయ్, జావా, హవాయీ భాషలు చేరిన ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందిన ఈ భాషకు ద్రావిడ భాషలతో జన్యసంబంధం లేదు. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మాన్యుయెల్ కేసోన్ జాతీయభాషకు తగాలొగ్‌ను ఆధారంగా ప్రకటించగా, ఆ జాతీయభాషకు 1959లో 'పిలిపీనో' అనే పేరు వచ్చింది, 1987 రాజ్యాంగం దాన్ని 'ఫిలిపీనో'గా స్థిరపరచింది. తొలిమెట్టులో ఉన్న అభ్యాసకుడికి తగాలొగ్, ఫిలిపీనో అనేవి ఆచరణలో ఒకటే.

బయటివారు ఈ భాషను పద్ధతిగా నేర్చుకోవడం నాలుగు శతాబ్దాల నాటి మాట. మతప్రచారానికి వచ్చిన స్పానిష్ పాద్రీల కోసం ఫ్రాన్సిస్కో బ్లాంకాస్ దె సాన్ హోసె రాసిన తగాలొగ్ వ్యాకరణం 1610లో బతాన్‌లో అచ్చయింది. దాన్ని అచ్చువేసిన తోమాస్ పిన్‌పిన్ అనే స్థానిక ముద్రాపకుడు అదే ఏడాది తన తోటి తగాలొగ్ ప్రజలకు స్పానిష్ నేర్పే పుస్తకాన్ని తానే రాసి ప్రచురించాడు. పాలకులు ప్రజల భాషనూ, ప్రజలు పాలకుల భాషనూ ఒకే ముద్రణాలయం నుంచి నేర్చుకున్న ఆ కాలపు ముద్ర నేటి పలకరింపులలో కూడా కనిపిస్తుంది.

తెలుగువారికి ఈ భాషతో ఇటీవల ఏర్పడిన సంబంధం రెండు దారుల్లో వచ్చింది. వైద్యవిద్య కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఫిలిప్పీన్స్ వెళ్ళిన విద్యార్థులు ఒక వర్గం కాగా, గల్ఫ్ దేశాల ఆస్పత్రుల్లో, హోటళ్ళలో, దుకాణాల్లో ఫిలిప్పీనీయుల పక్కన పనిచేస్తున్న తెలుగువారు రెండో వర్గం. ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీషు కూడా అధికార భాషే కనుక తరగతి గదిలో ఇబ్బంది ఉండదుగానీ, వార్డులోని వృద్ధ రోగితోనో, సంతలో కూరగాయలమ్మే మనిషితోనో మాట కలపాలంటే వారి భాషలో నాలుగు మాటలు వచ్చితీరాలి.

ఉచ్చారణ, తెలుగు లిపి

తగాలొగ్ నేడు రోమన్ లిపిలో రాస్తారు. ఇక్కడ మాత్రం వాక్యాలన్నీ పలికే తీరును బట్టి తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది, దీనివల్ల ఒక అనుకోని సౌలభ్యం ఉంది. తెలుగు వర్ణమాలలో క వర్గపు అనునాసికమైన 'ఙ' అనే అక్షరాన్ని పిల్లలు పలకమీద దిద్దడమే తప్ప దానితో మొదలయ్యే తెలుగుమాట ఏదీ వాడుకలో లేదు. తగాలొగ్‌లో ఆ ధ్వని అడుగడుగునా వినిపిస్తుంది: పేరును 'పఙాలన్' అంటారు, ఇప్పుడు అనడానికి 'ఙయోన్' అంటారు. రోమన్ లిపిలో రెండక్షరాలు కలిపి రాసే ఈ ధ్వనిని చూసి కొత్తవారు 'పంగాలన్' అని గకారం చేర్చి పలుకుతారు. 'ఙ'ను విడిగా పలకడం తెలిసినవారికి ఆ పొరపాటు జరగదు.

రెండో అంశం ఊనిక, అంటే పదంలో ఒక అక్షరాన్ని మిగిలినవాటికన్న బలంగా పలకడం. తెలుగులో ఊనిక మారినా అర్థం మారదు, తగాలొగ్‌లో మారుతుంది. చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక పడితే అక్కడి అచ్చు దీర్ఘంగా సాగుతుంది కాబట్టి, ఈ తేడాను హ్రస్వదీర్ఘాలుగా భావించుకుంటే తెలుగు చెవికి తేలికగా పట్టుబడుతుంది. 'గబీ' అని చివర ఊనితే రాత్రి అని అర్థం. 'గాబి' అని ముందు సాగదీస్తే చామదుంప అని అర్థం. సాయంత్రం దాటాక ఎదురైనవారికి 'మగందఙ్ గబీ' అనవలసినచోట 'మగందఙ్ గాబి' అంటే, శుభరాత్రికి బదులు చక్కని చామదుంపను ప్రస్తావించినట్లవుతుంది. అలాగే 'హాపొన్' అంటే మధ్యాహ్నం దాటిన వేళ, 'హపోన్' అంటే జపాన్ దేశం లేదా జపాన్‌వాడు. పలకరింపులోనే ఎదురయ్యే ఈ రెండు జంటలు ఊనికను నిర్లక్ష్యం చేయకూడదని మొదటిరోజే నేర్పుతాయి.

కొన్ని పదాల చివర గొంతులో గాలిని టక్కున ఆపి వదిలే ధ్వని కూడా ఉంది. కాదు అనే అర్థంలో వాడే 'హిందీ' అనే మాట చివర ఈ ఆపు వినిపిస్తుంది. తెలుగు లిపిలో రాస్తే అది మన దేశపు ఒక భాష పేరులా కనిపించడం కేవలం కాకతాళీయం.

పలకరింపు

పరిచయానికి ముందు వేళను బట్టి పలకరింపు ఉంటుంది. 'మగందా' అంటే అందమైన, బాగున్న అని అర్థం. దానికి 'ఙ్' చేరితే తరువాతి నామవాచకానికి విశేషణంగా అతుకుతుంది. ఉదయం 'మగందఙ్ ఉమాగ', నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు 'మగందఙ్ తఙ్‌హాలి', ఆ తరువాత పొద్దువాలే వరకు 'మగందఙ్ హాపొన్', చీకటిపడ్డాక 'మగందఙ్ గబీ' అంటారు. 'ఙ్' చేర్చే ఈ పద్ధతి విశేషణ విశేష్యాలను కలిపే సాధారణ సూత్రం కాబట్టి, పలకరింపును బట్టీపట్టేటప్పుడే దాన్ని గుర్తుపెట్టుకుంటే తరువాత అనేకచోట్ల పనికివస్తుంది.

వెంటనే వచ్చే కుశలప్రశ్న 'కుముస్తా పో కయో?', అంటే 'ఎలా ఉన్నారండీ?'. ఇందులోని మొదటి మాట స్పానిష్‌లోని 'కోమో ఎస్తా' అనే ప్రశ్న మూడు శతాబ్దాలకు మించిన వలసపాలనలో అరిగి స్థిరపడిన రూపం. దానికి 'మబూతి నమన్ పో, సలామత్ పో' అని జవాబిస్తారు, 'బాగానే ఉన్నానండీ, ధన్యవాదాలండీ' అని దాని భావం. 'సలామత్' అరబ్బీ నుంచి మలయ్ మీదుగా వచ్చిన మాట కాబట్టి సలాం తెలిసిన తెలుగువారికి అది పూర్తిగా కొత్త కాదు. సంస్కృతం కూడా మలయ్, జావా భాషల మీదుగా ఆ దీవులకు చేరింది: గురువు అక్కడ 'గురో' అయ్యాడు, ముఖం 'ముక్‌హా' అయింది, భాగం 'బహాగి' అయింది.

పేరు చెప్పడం

పేరు చెప్పడానికి అన్నిటికన్న సూటియైన వాక్యం 'అకో సి లక్ష్మి'. 'అకో' అంటే నేను. 'సి' అనేది ఒక వ్యక్తి పేరుకు ముందు వచ్చే సూచకపదం. తెలుగులో దీనికి సమానమైనది లేదు గనుక మొదట్లో దాన్ని వదిలేసి 'అకో లక్ష్మి' అనడం సహజం, కానీ ఆ భాషవారి చెవికి అది తెగిపోయిన వాక్యంలా వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురి పేర్లు కలిపి చెప్పేటప్పుడు 'సి' స్థానంలో 'సినా' వస్తుంది. వ్యక్తుల పేర్లు కాని నామవాచకాలకు ముందు 'అఙ్' అనే మరో సూచకం వస్తుంది.

పేరు అనే మాటతోనే వాక్యం కట్టాలంటే 'లక్ష్మి అఙ్ పఙాలన్ కో' అనాలి. 'లక్ష్మి నా పేరు' అని దాని వరుస. 'కో' అంటే నా. అది నామవాచకానికి వెనుక వస్తుంది. దీన్నే తిరగవేసి 'అఙ్ పఙాలన్ కో ఆయ్ లక్ష్మి' అని కూడా చెప్పవచ్చు. మధ్యలోని 'ఆయ్' క్రియ కాదు. వాక్యంలో వెనుక రావలసిన భాగాన్ని ముందుకు తెచ్చినప్పుడు రెంటి మధ్య నిలబడే పదం మాత్రమే. పుస్తకాలు దీన్నే ముందుగా నేర్పుతాయిగానీ, రాతలోనూ లాంఛనప్రాయమైన ప్రసంగంలోనూ వినిపించేంతగా ఇది ఇంటి మాటల్లో వినిపించదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారు 'ఆయ్'ను ఇంగ్లీషు క్రియకు సమానమని పొరబడి ప్రతి వాక్యంలోనూ దూరుస్తారు. ఇంకొక పొరపాటు 'అఙ్ పఙాలన్ కో ఆయ్ సి లక్ష్మి' అనడం. 'సి' మనిషిని సూచిస్తుంది. ఈ వాక్యంలో చెబుతున్నది మనిషి గురించి కాక పేరు గురించి కాబట్టి ఇక్కడ దానికి చోటు లేదు.

తగాలొగ్ వాక్యంలో విధేయం ముందు, ఉద్దేశ్యం తరువాత రావడం సహజక్రమం. ఉద్దేశ్యం అంటే ఎవరిగురించి చెబుతున్నామో ఆ పదం, విధేయం అంటే వారిని గురించి చెప్పే విషయం. 'గురో అకో' అంటే 'నేను ఉపాధ్యాయుణ్ని'. వరుసగా చూస్తే 'ఉపాధ్యాయుణ్ని నేను'. తెలుగులోనూ ఈ వరుస అసాధ్యం కాదు, నొక్కిచెప్పేటప్పుడు వాడతాం. తగాలొగ్‌లో అదే మామూలు వరుస. దీన్ని మార్చి 'అకో అఙ్ గురో' అంటే 'ఉపాధ్యాయుణ్ని నేనే, వేరొకరు కాదు' అనే అర్థం వస్తుంది. కనుక పరిచయంలో 'గురో అకో' అనడమే తగినది.

'పో' అనే మర్యాద

తగాలొగ్ నేర్చుకునే తెలుగువారికి అందరికన్న ముందుగా చుట్టమయ్యే మాట 'పో'. పెద్దవారితో, కొత్తవారితో, పైఅధికారులతో మాట్లాడేటప్పుడు వాక్యంలో దీన్ని చేర్చడం మర్యాద. తెలుగులో 'అండీ' చేసే పనే ఇది చేస్తుంది. అవును అనడానికి 'ఓఓ' అంటే, అవునండీ అనడానికి 'ఓపో' అంటారు. 'పో' కంటె కొంచెం తక్కువ లాంఛనంగా 'హో', 'ఓహో' అనే రూపాలూ ఉన్నాయి. దీనికి తోడు ఒక్కరితో మాట్లాడుతున్నా బహువచన సర్వనామం వాడతారు: నువ్వు అనడానికి 'కా', మీరు అనడానికి 'కయో', నీ పేరు అంటే 'పఙాలన్ మో', మీ పేరు అంటే 'పఙాలన్ నిన్యో'. అందుకే చిన్నపిల్లవాణ్ని 'అనో అఙ్ పఙాలన్ మో?' అని అడిగేవారు వాడి నాయనమ్మను 'అనో పో అఙ్ పఙాలన్ నిన్యో?' అని అడుగుతారు. ఇంకా ఎక్కువ మర్యాదకు 'వారు' అనే అర్థం గల 'సిలా'ను ఎదుటివారికే వాడతారు. తలుపు తట్టినవారిని 'సీనొ పో సిలా?' అని ప్రశ్నించడం 'ఎవరండీ తమరు?' అనడం వంటిది.

'పో' స్థానం విషయంలో మాత్రం తెలుగు అలవాటు పనికిరాదు. 'అండీ' సాధారణంగా వాక్యం చివర చేరుతుంది, 'పో' వాక్యంలో రెండో స్థానంలో నిలుస్తుంది. 'అకో సి లక్ష్మి'కి మర్యాదరూపం 'అకో పో సి లక్ష్మి'. 'గురో అకో'కు మర్యాదరూపం 'గురో పో అకో'. ప్రశ్నను సూచించే 'బా', ఇప్పటికే అనే అర్థం గల 'నా', మాత్రమే అనే అర్థం గల 'లఙ్' వంటి చిన్నపదాలన్నీ ఇలాగే వాక్యంలో మొదటి పదాన్ని ఆనుకొని వస్తాయి. 'కా', 'కో', 'మో' వంటి ఏకాక్షర సర్వనామాలు 'పో'కు ముందు, 'అకో', 'కయో' వంటి రెండక్షరాల సర్వనామాలు 'పో'కు వెనుక నిలుస్తాయి. అందువల్లనే 'పఙాలన్ కో పో' అనీ, 'గురో పో అకో' అనీ అంటారు. వాక్యం 'హిందీ'తో మొదలైతే ఈ చిన్నపదాలన్నీ దాని వెనక్కి జరుగుతాయి: 'హిందీ పో అకో గురో', నేను ఉపాధ్యాయుణ్ని కానండీ.

'పో' వయసుకు మాత్రమే కట్టుబడినది కాదనడానికి జీప్నీ ప్రయాణం మంచి నిదర్శనం. రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికన్ సైన్యం వదిలివెళ్ళిన జీపులతో మొదలైన ఈ ఉమ్మడి వాహనంలో వెనుక కూర్చున్న ప్రయాణికుడు చార్జీ డబ్బులు పక్కవారికి అందిస్తూ 'బాయద్ పో' అంటాడు. ఆ డబ్బులు చేతులు మారుతూ డ్రైవరుకు చేరతాయి. దిగవలసినచోట 'పారా పో' అంటే బండి ఆగుతుంది. డ్రైవరు వయసు ఎంతైనా ఈ రెండుచోట్లా 'పో' వదలరు. మనీలా అలవాటు దేశమంతటా ఒకేలా ఉందనుకోవడం మాత్రం సరికాదు. తెలుగు విద్యార్థులు చేరే దవావ్ నగరంలో, సెబూ దీవిలో జనం ఎక్కువగా మాట్లాడే సెబువానో భాషలో సంప్రదాయంగా 'పో' లేదు. అక్కడి ఉదయపు పలకరింపు 'మఆయొఙ్ బూంతగ్'. అయితే 'అకో సి' అని పేరు చెప్పే పద్ధతి సెబువానోలోనూ చెల్లుతుంది.

ఊరు, వయసు, పని

ఊరు అడగడానికి 'తగా-సఆన్ పో కయో?' అంటారు. 'సఆన్' అంటే ఎక్కడ, 'తగా' అంటే ఫలానా చోటికి చెందిన. జవాబులో ఊరిపేరును దానికి తగిలిస్తే సరిపోతుంది: 'తగా-విజయవాడ పో అకో'. నది అనే అర్థం గల 'ఈలొగ్'కు ఇదే ఉపసర్గ చేరి, నదీతీరవాసులు అనే అర్థంలో 'తగాలొగ్' అనే పేరు ఏర్పడిందని సాధారణంగా చెబుతారు. పుట్టిన ఊరు ఒకటై ఇప్పుడు ఉంటున్నచోటు వేరైతే 'నకతిరా పో అకో స మైనిలా' అని చేర్చాలి. మనీలాలో నివసిస్తున్నాను అని అర్థం, 'స' అనేది తెలుగు 'లో'కు దగ్గరైన పదం.

భారతదేశం నుంచి వచ్చినట్లు చెప్పగానే ఎదుటివారి నోట 'బుంబయ్' అనే మాట రావచ్చు. బొంబాయి పేరునుంచి పుట్టిన ఈ మాటను ఫిలిప్పీన్స్‌లో భారతీయులందరికీ వాడుతూ వచ్చారు. పంజాబీలు మోటారుసైకిళ్ళ మీద వీధివీధికీ తిరిగి చిరువ్యాపారులకు అప్పులిచ్చే 'ఫైవ్-సిక్స్' వ్యాపారంతో, అంటే అయిదు అప్పిచ్చి ఆరు వసూలుచేసే పద్ధతితో ఆ మాట ముడిపడిపోవడంతో దానిలో కొంత చిన్నచూపు కూడా ధ్వనిస్తుంది. 'తగా-ఇందియా పో అకో' అని సౌమ్యంగా చెప్పడం దానికి తగిన సమాధానం.

వయసు దగ్గరికి వచ్చేసరికి రెండు లెక్కలు ఎదురవుతాయి. ఇరవై ఏళ్ళని చెప్పడానికి దేశీయ సంఖ్యతో 'దలవంపుఙ్ తఓఙ్ గూలఙ్ నా పో అకో' అనడం పుస్తకాల పద్ధతి, స్పానిష్ సంఖ్యతో 'బేంతె' అనేసి ఊరుకోవడం నిత్యవ్యవహారం. గడియారపు వేళ చెప్పేటప్పుడూ స్పానిష్ అంకెలదే పైచేయి. వృత్తి చెప్పడం అన్నిటికన్న తేలిక, ఎందుకంటే పని పేరు పక్కన 'పో అకో' చేర్చితే వాక్యం పూర్తవుతుంది: నర్సు అయితే 'నార్స్ పో అకో', ఇంజనీరు అయితే 'ఇన్హిన్యేరో పో అకో', వైద్యవిద్యార్థి అయితే 'ఎస్తుద్యాంతె పో అకో నఙ్ మెదిసీనా'.

పేరూ ఊరూ అయ్యాక పెళ్ళి గురించి అడగడం అక్కడ అమర్యాద కాదు. 'మయ్ అసావ నా పో బా కయో?' అంటే 'మీకు పెళ్ళయిందాండీ?' అని ప్రశ్న. కాకపోతే 'వలా పా పో', అంటే 'ఇంకా లేదండీ' అంటే చాలు. అపరిచితులు ఇటువంటి ప్రశ్నలు వేయడం, ఇంటికి వచ్చినవారిని 'భోజనం చేశారా?' అని పలకరించడం తెలుగు నేలమీద ఎంత మామూలో అక్కడా అంతే మామూలు.

మేము, మనం, ఇంటివారు

తెలుగుకు 'మేము', 'మనం' అనే భేదం ఎంత ముఖ్యమో తగాలొగ్‌కు 'కమీ', 'తాయొ' అనే భేదం అంతే ముఖ్యం. 'కమీ'లో వింటున్న మనిషి చేరడు, 'తాయొ'లో చేరతాడు. ఇద్దరు తెలుగు విద్యార్థులు తమ ఇంటి యజమానురాలితో 'తగా-ఇందియా పో కమీ' అనాలి. 'తాయొ' అంటే ఆమెను కూడా భారతదేశానికి చెందినదానిగా చేసినట్లవుతుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే పదం ఉండటం వల్ల దాని మీదుగా వచ్చేవారు నెలల తరబడి తడబడే ఈ చోట తెలుగువారికి నేర్చుకోవలసింది రెండు కొత్త పదాలే, కొత్త భావన కాదు. దీనికి ఎదురుగా, 'అతను', 'ఆయన', 'ఆమె', 'ఆవిడ' అనే తేడాలన్నీ తగాలొగ్‌లో 'సియా' అనే ఒక్క పదంలో కలిసిపోతాయి. స్నేహితుణ్నైనా స్నేహితురాలినైనా పరిచయం చేసేటప్పుడు దాన్నే వాడాలి.

కుటుంబాన్ని ప్రస్తావించేటప్పుడు తెలుగు చెవి మోసపోయే ప్రమాదం ఉంది. తండ్రిని 'తాతయ్' అంటారు, తల్లిని 'నానయ్' అంటారు. తెలుగువారికి మొదటిది తాతలా, రెండోది నాన్నలా వినిపిస్తాయి. ఇది చాలదన్నట్లు తండ్రికి ఉన్న మరో మాట 'అమా'. 'మగ్‌సాసకా పో అఙ్ తాతయ్ కో' అంటే రైతు అయినది తాత కాదు, తండ్రి. తోబుట్టువులు ఆడవారైనా మగవారైనా 'కపతీద్' అనే మాటే సరిపోతుంది, కానీ పిలిచేటప్పుడు అన్నను 'కూయ' అనీ అక్కను 'ఆతె' అనీ అంటారు. చైనా దక్షిణ తీరపు హొక్కియెన్ భాషనుంచి వచ్చిన ఈ రెండు పిలుపులను దుకాణదారుకూ, ఆటోవంటి ట్రైసికిల్ నడిపే మనిషికీ, హాస్టల్ సిబ్బందికీ వాడటం అక్కడి ఆచారం. అన్నా, అక్కా అంటూ వీధిలో మాట కలిపే తెలుగువారికి దీనికి శిక్షణ అక్కరలేదు. ఇంట్లోని వృద్ధులను కలిసినప్పుడు 'మానో పో' అని వారి చేతిని అందుకొని తమ నుదుటికి తాకించుకొనే ఆచారం ఉంది. 'మానో' అంటే స్పానిష్‌లో చెయ్యి.

పేర్ల అమరిక

వ్యక్తిపేరు, ఇంటిపేరు ఏవన్నది చెప్పవలసివచ్చినప్పుడు రెండు సంప్రదాయాలు ఎదురుబొదురుగా నిలుస్తాయి. తెలుగువారు ఇంటిపేరును ముందు, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా పెట్టుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో 'అపెల్యీదొ' అనే ఇంటిపేరు చివర వస్తుంది, దానికి ముందు తల్లి పుట్టింటి ఇంటిపేరు మధ్యపేరుగా ఉంటుంది. అక్కడి దరఖాస్తులలో మధ్యపేరు గడి కనిపించినప్పుడు వారు ఆశించేది ఆ తల్లివైపు పేరునే. అక్కడి ప్రజలలో స్పానిష్ ఇంటిపేర్లు ఇంతగా వ్యాపించడానికి 1849లో గవర్నర్ జనరల్ నార్సీసో క్లావెరియా జారీచేసిన ఉత్తర్వు ముఖ్యకారణం; పన్నులకూ జనగణనకూ అనువుగా ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని, అక్షరక్రమంలో అచ్చువేసిన పేర్ల జాబితాను ఊరూరికీ పంపారు. ఈ లాంఛనాలకు పక్కనే 'పాలయావ్' అనే ముద్దుపేరు ప్రతివారికీ ఉంటుంది. దేశాధ్యక్షులు సైతం నోయ్‌నోయ్ ఆకీనో, బోంగ్‌బోంగ్ మార్కోస్ అని ముద్దుపేర్లతోనే ప్రసిద్ధులు. పొడుగైన తెలుగు పేరు గలవారు 'తవాగిన్ నా లఙ్ పో నిన్యో అకోఙ్ శ్రీను', అంటే 'నన్ను శ్రీను అని పిలవండి చాలు' అని చెప్పుకుంటే ఇరువురికీ సుఖం.

పూర్తి పరిచయం, ఆపై మెట్టు

ఇంతవరకు వచ్చినవన్నీ కూర్చితే ఒక విద్యార్థిని తనను ఇలా పరిచయం చేసుకోగలదు: 'మగందఙ్ ఉమాగ పో. అకో పో సి లక్ష్మి. తగా-విజయవాడ పో అకో, స ఇందియా. నకతిరా పో అకో ఙయోన్ స మైనిలా. ఎస్తుద్యాంతె పో అకో నఙ్ మెదిసీనా. నగ్-ఆ-ఆరల్ పో అకో నఙ్ తగాలొగ్. ఇకినగాగలాక్ కో పోఙ్ మకిలాల కయో.' చివరి రెండు వాక్యాలకు 'తగాలొగ్ నేర్చుకుంటున్నానండీ', 'మీతో పరిచయం కలిగినందుకు సంతోషమండీ' అని భావం. ఎదుటివారు ఉత్సాహంతో గబగబా మాట్లాడటం మొదలుపెడితే ఆదుకునే మాటలు మూడు: మళ్ళీ చెప్పమనడానికి 'పకిఊలిత్ పో', మెల్లగా అనడానికి 'దాహన్-దాహన్ లఙ్ పో', వచ్చింది కొంచెమే అనడానికి 'కొంతీ లఙ్ పో'.

ఈ పరిచయంలో అసలైన క్రియలు చివరికి గాని రాలేదు. 'ఇకినగాగలాక్' అనే పొడుగాటి పదాన్ని విడదీస్తే సంతోషం అనే అర్థం గల 'గలాక్' ధాతువు తేలుతుంది. 'గ' అనే మొదటి అక్షరం రెండుసార్లు పలకడం వల్ల ఆ సంతోషం ఇప్పుడు సాగుతున్నదని తెలుస్తుంది. ముందు చేరిన 'ఇకా', దాని నడుమ దూరిన 'ఇన్' కలిసి, ఏ కారణంవల్ల సంతోషం కలిగిందో ఆ కారణాన్నే వాక్యానికి ఉద్దేశ్యంగా నిలుపుతాయి. అంటే ఆ వాక్యం 'నేను సంతోషిస్తున్నాను' అనకుండా, 'నాకు సంతోషం కలిగిస్తున్నది మీ పరిచయం' అని ఎదుటివారినే ముందు నిలుపుతుంది. రోజువారీ మాటల్లో యువతరం దీని బదులు ఇంగ్లీషు మాటతో సరిపెట్టుకున్నా, సభలలో, పెద్దల ముందు ఈ వాక్యానికి గౌరవం తగ్గలేదు.

తగాలొగ్ క్రియావ్యవస్థ మొత్తం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి నెలలు పట్టవచ్చు, పుస్తకాలు రెండు మూడు మారవచ్చు. ఆలోగా క్రియ లేని వాక్యాలతో, రెండో స్థానంలో సరిగా నిలిపిన 'పో'తో, ఊనిక తప్పని పలకరింపుతో తొలిరోజు నుంచే తప్పులేని తగాలొగ్ మాట్లాడే వీలుంది. తెలుగు వాక్యనిర్మాణం అలవాటున్నవారికి ఆ వీలు ఇంకొంచెం ఎక్కువే కనుక, తగాలొగ్ పాఠానికి కూర్చునేటప్పుడు ఇంగ్లీషు పుస్తకం ఎదుట ఉన్నా పోలికను మాత్రం తెలుగులోనే వెతుక్కోవడం మేలు.